తొంభై రెండు అధ్యాయాల బాకీ

ఒక సహోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆమె చెప్పుకున్న సంగతులు క్లుప్తంగా ఇవి.

వయసు 38. ఉద్యోగం చేస్తారు. భర్తకూ ఉద్యోగమే, ఇద్దరు బడిపిల్లలు. జనవరి ఒకటో తేదీన, ఏడాదిలో బైబిలు పూర్తిచేసే పట్టిక ఒకటి మొదలుపెట్టారు. రోజుకు నాలుగు అధ్యాయాలు, ఫోనులో. చదివినదాని ఎదుట ఒక టిక్కు. చిన్నబాబుకు జ్వరం వచ్చిన వారం చదువు తప్పింది. ఆ వెంటనే ఆఫీసులో పని ముంచుకొచ్చింది. ఉత్తరం రాసేనాటికి 23 రోజులు వెనకబడ్డారు. 'అంటే 92 అధ్యాయాల బాకీ' అని ఆమే లెక్క కట్టారు. ఒక రాత్రి పొయ్యి దగ్గర నిలబడి, బొటనవేలితో జరుపుతూ, లేవీయకాండం 13, 14 అధ్యాయాలను నాలుగు నిమిషాల్లో దాటేశారు. 'ఏమి చదివానో ఒక్క ముక్క గుర్తులేదు. టిక్కు చూసుకున్నాక మాత్రం మనసు తేలికపడింది. ఆ తేలిక చూసి నాకే భయం వేసింది' అని రాశారు.

ప్రార్థన సంగతీ అలాగే ఉంది. రాత్రి మంచానికి తల ఆనించి మోకరిస్తే నిమిషాల్లో నిద్ర. ఒకసారి భర్త వచ్చి లేపారట. సంఘంలో స్త్రీల కూటానికి వెళితే ఒక పెద్దావిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు దేవుని సన్నిధిలో గడుపుతానని సాక్ష్యం చెబుతారు. 'నీ చదువు ఎంతవరకు వచ్చింది?' అని ఈమెను అడిగితే 'రోజూ సాగుతోంది' అనేశారు. ఆ అబద్ధం ముల్లులా గుచ్చుకుంటోంది.

ఆమె ప్రశ్నలు: నేనూ నాలుగింటికి లేవాలా? ఉద్యోగం మానుకోవాలా? పనులు చేసుకుంటూ మనసులో ప్రార్థించుకుంటే చాలదా? క్షణానికోసారి తలుపు తట్టే పిల్లలున్న ఇంట్లో ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? అన్నిటికీ చివర, చిన్న అక్షరాలతో: నా విశ్వాసం చల్లారిపోయిందా?

సహోదరీ,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, దాని మీద ఎక్కువసేపు నిలబడనక్కరలేదు. చల్లారిపోయినవాళ్లు లేవీయకాండానికి టిక్కు పెట్టినందుకు భయపడి నాలుగు పేజీలు రాయరు.

మీ ఉత్తరంలో 'బాకీ' అన్న మాట ఐదుసార్లు వచ్చింది. అప్పు ఇచ్చినవాడు వీధిలో కనబడితే సందులోకి తప్పుకునే మనిషి మాటల్లా ఉన్నాయి ఆ వాక్యాలు. మీరు తప్పించుకు తిరుగుతున్నది పట్టికను. అయితే పట్టికా వాక్యమూ ఒకే ఫోనులో, ఒకే వేళలో ఉన్నాయి కాబట్టి పట్టికకు మొహం చాటేసిన ప్రతిసారీ దేవునికే మొహం చాటేసినట్టు మీకు అనిపిస్తోంది. ముందు ఆ రెండింటినీ విడదీయాలి.

మీ పట్టిక ఎవరు తయారుచేసినదో మీరు రాయలేదు. రోజుకు నాలుగు అధ్యాయాల పట్టికల్లో పేరుపడినది రాబర్ట్ మర్రీ మెక్‌షేన్ అనే పాస్టరు స్కాట్లండులోని డండీలో తన సంఘం కోసం 1842లో సిద్ధం చేసినది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు పూర్తవుతాయి. పట్టిక చేతికిస్తూ ఆయన దానివల్ల వచ్చే ప్రమాదాలను కూడా ముందే చెప్పాడు. చదువు ఆచారంగా మారిపోవచ్చు, పూర్తిచేశామన్న గర్వం రావచ్చు, అజాగ్రత్తగా చదవడం అలవాటు కావచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. ఒక్క గర్వం తప్ప తక్కిన మూడూ మీ ఉత్తరంలో ఉన్నాయి. పట్టిక కట్టినవాడే 180 ఏళ్ల కిందట ఊహించిన ఇబ్బందిలో మీరు పడ్డారు. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇప్పుడు ఆ 92 అధ్యాయాలను ఏం చేయాలి? రోజుకు ఎనిమిది చొప్పున చదివి మరో 23 రోజుల్లో అందుకోవచ్చు. పట్టుదల ఉంటే పూర్తవుతుంది, కానీ అన్నీ పొయ్యి దగ్గర చదివిన లేవీయకాండంలాగే పూర్తవుతాయి. లేదంటే వెనకబడినదంతా వదిలేసి, ఈరోజు తేదీకి పట్టికలో ఏముందో అది చదువుకుంటూ పోవచ్చు. చాలామందికి ఇది సరిపోతుంది. అయితే ఖాళీగా మిగిలిన గళ్లు కనబడినప్పుడల్లా మీ మనసు అక్కడికే పోతుంది. మీ స్వభావం ఉత్తరంలో చూశాను కాబట్టి చెబుతున్నాను. మూడోది, వేగం తగ్గించడం. మన బైబిలులోని 66 పుస్తకాల్లో మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు ఒకటి చొప్పున చదివితే మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. పడితే పడనివ్వండి. ఏడాదిలోనే ముగించాలని వాక్యంలో ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే అధ్యాయాల విభజన కూడా 13వ శతాబ్దంలో వచ్చి చేరినది, వచనాల అంకెలు 16వ శతాబ్దంలో. పౌలు రాసిన ఉత్తరం అందుకున్న సంఘంవాళ్లు 'ఈరోజుకు రెండు అధ్యాయాలు' అనుకుని ఉండరు.

పట్టికను పూర్తిగా పక్కన పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఇష్టమైన కీర్తనలు, ధైర్యం చెప్పే వాగ్దానాలు మాత్రమే తిరగేస్తూ ఉండిపోతాం. ఆమోసు జోలికి, యోబు గోడు జోలికి పోము. అందుకే నేను పట్టికకు విరోధిని కాను. ఇప్పుడున్న రూపంలో అది మీకు పనికి రావడం లేదు, అంతే. కొన్నాళ్లు ఒక్క పుస్తకం పట్టుకోండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు. నెలరోజులు తీసుకోండి, రెండు నెలలైనా సరే.

చదివింది ఎందుకు గుర్తుండటం లేదని అడిగారు. మొదటి కీర్తనలో 'దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు' అని ఉంది కదా. ధ్యానం అనగానే కళ్లు మూసుకుని మౌనంగా కూర్చున్న మనిషి మన కంటికి కనబడతాడు. ఆ చోట హీబ్రూలో ఉన్న క్రియ 'హగా'. పెదవుల మధ్య గొణుక్కోవడం అన్నమాట. యెషయా గ్రంథంలో ఇదే మాటను గువ్వ మూలుగుకు వాడారు. అదే గ్రంథంలో మరోచోట, వేటాడిన జంతువు మీద నిలబడి సింహం చేసే గుర్రుగుర్రుకు కూడా. సింహం దొరికినదాన్ని వదిలి ముందుకు పోదు, దాని మీదే ఉంటుంది. మీరు మాత్రం ఆ రాత్రి నాలుగు నిమిషాల్లో 116 వచనాలు దాటారు. వాటిని ఏ నోటితో గొణుక్కోగలరు?

అలా ఆగి చదివితే ఏమి కనబడుతుందో ఒకచోట చూపిస్తాను. మార్కు ఆరో అధ్యాయంలో శిష్యులు సేవ ముగించుకుని తిరిగి వస్తారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. భోంచేయడానికైనా వాళ్లకు తీరిక లేదు. యేసు వాళ్లను ఏకాంత ప్రదేశానికి రమ్మని, 'కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి' అంటాడు. ముందు ఆ 'కొంచెముసేపు' దగ్గర ఆగండి. ఆయన గంట అనలేదు, ఇంతసేపని కొలత పెట్టలేదు. వాళ్లు దోనె ఎక్కి వెళ్లేసరికి జనం కాలినడకన పరుగెత్తి అప్పటికే అక్కడికి చేరుకున్నారు. అనుకున్న ఏకాంతం చెడిపోయింది. ఆ జనాన్ని చూసి, కాపరిలేని గొర్రెల్లా ఉన్నారని ఆయన కనికరపడ్డాడు. చీకటిపడే వేళకు, వాళ్లను కూర్చోబెట్టమని శిష్యులకు చెప్పాడు. ఎక్కడ కూర్చోబెట్టమన్నాడు? 'పచ్చికమీద.' కాపరి లేని గొర్రెలు, ఆ తర్వాత పచ్చిక. ఇరవై మూడో కీర్తన చూడండి: 'యెహోవా నా కాపరి... పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు.' ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటానికి నాకు ఎన్నేళ్లు పట్టిందో చెబితే మీరు నవ్వుతారు. అయిదు రొట్టెలతో ఆయన ఆ జనానికి కడుపు నింపిన కథ నాకు తెలుసుననుకుని ప్రతిసారీ ఆ పచ్చికను తొక్కుకుంటూ పోయాను.

అధ్యాయం అక్కడితో అయిపోదు. అందరూ తిన్నాక ఆయన శిష్యులను దోనె ఎక్కించి ముందు పంపాడు, జనాన్ని పంపివేశాడు, ప్రార్థన చేయడానికి కొండకు వెళ్లాడు. పగలు చెడిపోయిన ఏకాంతాన్ని రాత్రి తీసుకున్నాడు. మీ ఇంటికి ఇంతకంటే దగ్గరగా ఉన్న అధ్యాయం నాకు తెలియదు.

చదివేటప్పుడు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. పది పన్నెండు వచనాలు పైకి వినబడేలా ఒకసారి చదవండి, మళ్లీ ఒకసారి చదవండి. ఏదో ఒక మాట కొంగు పట్టుకుని ఆపుతుంది. ఆ మాట దగ్గరే ఆగిపోయి, దాన్నే ప్రార్థనగా మార్చుకోండి. 'ప్రభువా, నాకు భోంచేయడానికీ తీరిక లేదు, నీకు తెలుసు' అన్నా ప్రార్థనే. సంఘ సంస్కర్త మార్టిన్ లూథరుకు క్షవరం చేసే పేతురు అనే ఆయన, ఎలా ప్రార్థించాలో చెప్పమని అడిగాడు. దానికి లూథరు 1535లో ఒక దీర్ఘమైన ఉత్తరమే రాశాడు. క్షవరం చేసేవాడి కన్ను కత్తి మీద ఎలా ఉంటుందో మనసు ప్రార్థన మీద అలా ఉండాలన్నాడు. ప్రభువు ప్రార్థనలోని ఒక్క విన్నపం దగ్గరే మంచి తలంపులు పొంగితే మిగిలినవి వదిలేసి వాటినే వినమన్నాడు. లూథరే వదిలేయమన్నాక మీకూ నాకూ మొహమాటమెందుకు?

ఏ మాటా ఆపని రోజులూ ఉంటాయి. చదివి, ప్రభువు ప్రార్థన చెప్పుకుని లేచిపోండి. ఆ రోజును తవ్వి చూడవద్దు.

ఇక వేళ సంగతి. నాలుగింటికి లేవాలా అన్నారు. ప్రభువు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి వెళ్లాడని మార్కు మొదటి అధ్యాయంలో ఉన్నది నిజమే. అలాగే 127వ కీర్తనలో, వేకువనే లేచి చాలా రాత్రయ్యాక పడుకుంటూ కష్టపడటం వ్యర్థమని, 'తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు' అని కూడా ఉంది. రెండూ వాక్యమే. ఆ పెద్దావిడ ఎన్నింటికి పడుకుంటారో మీకు తెలుసా? ఆవిడ ఇంట్లో జ్వరంతో లేచే పిల్లలున్నారా? మీరు పడుకునేది పదకొండున్నరకని రాశారు. నాలుగింటికి లేస్తే మిగిలేది నాలుగున్నర గంటల నిద్ర. వారం రోజులు భక్తిగా ఉంటుంది. రెండో వారం పిల్లల మీద కేకలు మొదలవుతాయి. మూడో వారం అలారం ఆపేసి, దానికి తోడు ఇంకో బాకీ రాసుకుంటారు. నిజంగా తెల్లవారుజామే కావాలంటే ముందు రాత్రిని సరిచేసుకోవాలి, పదింటికి పడుకోవాలి. అది మీ ఒక్కరి నిర్ణయం కాదు, ఆ రాత్రి పనుల్లో ఎవరు ఏది పట్టుకుంటారన్నది ఇంట్లో తేలాలి. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దూత ఆయనకు మొదట బోధ చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, తినమన్నాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు. మిక్కిలి నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాత ఎన్నో రోజులకు.

ఉద్యోగం మానడం గురించి ఒక్క మాట. ఇంటి అవసరాలను బట్టి, పిల్లలను బట్టి మానాలనిపిస్తే అది వేరే చర్చ. ప్రార్థనకు వేళ కోసం మాత్రం మానకండి. మీరు పనులతో పాటు మీ మనసును కూడా ఇంటికి తెచ్చుకుంటారు. ఆ ఎనిమిది గంటలను నింపడానికి ఇంటికి పట్టే సమయం ఎంతో ఉద్యోగం మానినవాళ్లను అడగండి.

పనులు చేసుకుంటూ మనసులో ప్రార్థించుకుంటే చాలదా అన్నారు. దీనికి, రాజుకు గిన్నె అందించే పనిలో ఉన్న నెహెమ్యాను చూడండి. రాజు 'నీకేమి కావలెను' అని అడిగాడు. నెహెమ్యా ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య, గిన్నె అందించే చోట నిలబడే, పరలోకమందలి దేవునికి ప్రార్థన చేశాడు. ఒక్క ఊపిరిలో చేసిన ప్రార్థన, చాలింది. అయితే ఒక పేజీ వెనక్కి తిప్పండి. ఆ మనిషి అప్పటికి నాలుగు నెలలుగా ఉపవాసముండి, ఏడ్చి, ప్రార్థించి ఉన్నాడు. ఆ ఒక్క ఊపిరికి అంత బలం ఎక్కడిదో ఆ పేజీ చెబుతుంది. కాబట్టి బస్సులోనూ పొయ్యి దగ్గరా చేసుకునే చిన్న ప్రార్థనలు మానవద్దు. వాటికి వెనకాల నిల్వ ఉండాలి.

ఆ నిల్వ రోజూ గంట చొప్పునే రావాలని లేదు. నాకు తోచినవి రెండు. ఒకటి, రోజూ పావుగంట. మీరు చెప్పిన దినచర్యలో పిల్లలు బడికి వెళ్లాక మీరు బయలుదేరే లోపు ఇరవై నిమిషాలున్నాయి, ఇప్పుడవి ఫోనులో వార్తలకు పోతున్నాయని మీరే రాశారు. దీనిలో చిక్కేమిటంటే గడియారం ఎదురుగా ఉంటుంది, తీరిక అన్న భావన రాదు. రెండోది, వారానికి ఒకసారి గంటన్నర, గడియారం చూడనక్కరలేని గంటన్నర. ఆ వేళ పిల్లలు భర్త బాధ్యత. మొదటిసారి ఆ గంటన్నర మీకు శిక్షలా ఉంటుంది, ముందే చెబుతున్నాను. మొదటి ఇరవై నిమిషాలు ఉతకవలసిన బట్టలు, ఆఫీసులో పంపవలసిన కాగితాలు వరుస కడతాయి. పక్కన ఒక చిత్తుకాగితం ఉంచుకుని వచ్చినదాన్ని వచ్చినట్టు రాసి పక్కన పడేయండి. నలభయ్యో నిమిషానికి మనసు నెమ్మదిస్తుంది. వారం మధ్యలో పావుగంటలు తప్పినా ఈ గంటన్నర మిమ్మల్ని నిలబెడుతుంది. నా మొగ్గు దీనివైపే. కానీ ఇది నిలవాలంటే మీ భర్తతో మాట్లాడాలి. నాలుగు పేజీల్లో ఆయనను మీరు సహాయం అడిగినట్టు ఎక్కడా లేదు. మిమ్మల్ని మోకాళ్ల మీద నిద్రలోంచి లేపిన మనిషికి మీ అలసట తెలియదనుకోను.

ఫోను ఆ వేళ వేరే గదిలో ఉంచి, అచ్చుపుస్తకం తీయండి. పుస్తకంలో సందేశాలు రావు, టిక్కులూ ఉండవు.

నిద్ర గురించి: మోకరించడం ఒక్కటే ప్రార్థన భంగిమ కాదు. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించడానికి వెళ్లాడు. దావీదు రాజు యెహోవా సన్నిధిలో కూర్చుని ప్రార్థించాడు. గదిలో అటూ ఇటూ నడుస్తూ, పైకి వినబడేలా మాట్లాడండి. మోకాళ్ల మీద నిద్రపోయేవాళ్లలో నేనూ ఒకదాన్ని, నడవడం మొదలుపెట్టాక తగ్గింది. అయితే ఎంత పడుకున్నా అలసట తీరకపోయినా, ప్రార్థనలోనే కాక దేనిలోనూ సంతోషం లేకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. దాన్ని ఆత్మీయ లోపమని అనుకుని మోయకండి.

ఆ అబద్ధం. ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు, కానీ వచ్చే కూటంలో మళ్లీ అడుగుతారు, మళ్లీ చెప్పాలి. అందరి ముందు లేచి ఒప్పుకోవచ్చు. అది పెద్ద సాక్ష్యంలా మారిపోయి, పదిమంది ఓదార్పు మీరు మోయవలసి వస్తుంది. ఆ పెద్దావిడ దగ్గరకే విడిగా వెళ్లి, 'అమ్మా, ఆరోజు మీతో నిజం చెప్పలేదు, ఇరవై మూడు రోజులు వెనకబడ్డాను' అనవచ్చు. ఆవిడ మందలించే అవకాశం లేకపోలేదు. కానీ నాలుగింటికి లేవడానికి ముందు ఆవిడకూ మీ వయసులో చిన్నపిల్లల తల్లిగా కొన్నేళ్లు గడిచి ఉంటాయి, ఆ ఏళ్ల సంగతి కూటంలో ఎవరూ అడగరు. మీరు అడగండి.

మిగిలింది తలుపు తట్టే పిల్లలు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొమ్మని ప్రభువు చెప్పాడు, నిజమే. ఆయన చీకటితో లేచి వెళ్లిన చోటికే సీమోను వెతుక్కుంటూ వచ్చి 'అందరు నిన్ను వెదకుచున్నారు' అన్నాడు కూడా. వారానికోసారి గంటన్నర తలుపు మూసే ఉండనివ్వండి, నాన్న ఉన్నారు. రోజూ పావుగంటలో అయితే, చిన్నబాబు తట్టినప్పుడు తీయండి. ఒడిలో కూర్చోబెట్టుకుని, మీరు ఆగిన వచనమే వాడికి పైకి చదివి వినిపించండి. పచ్చిక ఎందుకు ఉంది అని వాడు అడగవచ్చు.